జడ వేసే పది నిమిషాలు

ఆగస్టు 9, శనివారం

ఈ డైరీ జనవరిలో స్కూల్లో ఎవరో పుస్తకాల కంపెనీవాళ్ళు పంచిపోయినది. ఏడు నెలలుగా ఖాళీగా పడి ఉంది. ఇవాళ దానికి పని పడింది. చెయ్యి మెడకి కట్టించుకుని ఇంట్లో కూర్చున్న లెక్కల టీచరు ఇంకేం చేస్తుంది? మోచెయ్యి బల్ల మీద ఆనించి వేళ్ళు మాత్రం కదుపుతూ రాస్తున్నాను. ఈ చేతిరాతకి నేనైతే సున్నా వేస్తాను.

జరిగింది ఇది. పోయిన శనివారం కూరల సంచీతో మెట్లెక్కుతూ మూడో అంతస్తు దగ్గర జారాను. నేనూ, టమాటాలూ కలిసి రెండో అంతస్తు దాకా దొర్లాం. కుడి భుజం మీద పడ్డాను. కాలర్ బోన్ రెండు ముక్కలు.

లిఫ్ట్ ఉండగా మెట్లెందుకు ఎక్కావని అక్క ఫోన్లో కేకలేసింది. లిఫ్ట్ పాడైంది గనక. మా ఆయన లిఫ్ట్ మెకానిక్. నలభై బిల్డింగుల లిఫ్టులు ఆయన చేతి మీద నడుస్తాయి. మేముండే బిల్డింగ్‌ది మాత్రం అప్పటికి పదకొండు రోజులుగా ఆగిపోయి ఉంది. ఇవాళ చూస్తా, రేపు చూస్తా అంటూ ఉన్నాడు. ఈ ముక్క విన్నవాళ్ళంతా ముందు అయ్యో అంటారు, ఆ వెంటనే నవ్వాపుకోలేక మొహం పక్కకి తిప్పుకుంటారు. ఎముకల డాక్టరుతో సహా.

మా ఆయన నవ్వలేదు. మర్నాడే లిఫ్ట్ బాగుచేశాడు. ఇంట్లోకి వచ్చి ఆ సంగతి నాతో చెప్పడానికి కూడా సిగ్గుపడ్డాడు.

డాక్టరు రెండు దారులు చెప్పాడు. కోసి ప్లేటు పెట్టి స్క్రూలు బిగించొచ్చు, లేదా స్లింగ్ వేసి వదిలేస్తే దానంతటదే అతుక్కుంటుంది, ముక్కలు మరీ దూరం పోలేదు కాబట్టి మీ ఇష్టం అన్నాడు. నొప్పికి నా బుర్ర పనిచేయట్లేదు. మా ఆయనే తేల్చేశాడు. ఆపరేషన్ వద్దు, కోతలు వద్దు అన్నాడు. ఆరు వారాలు స్లింగ్.

ఆగస్టు 12

జుట్టు పెద్ద తలనొప్పి అయి కూర్చుంది. నడుము దాకా ఉంటుంది నాది. ఒంటిచేత్తో జడ వేసుకోగల మనిషి ఈ భూమ్మీద ఎవరైనా ఉంటే వచ్చి నాకు నేర్పొచ్చు. మొన్నటిదాకా పక్కింటావిడ వేసింది. నిన్న ఆవిడ కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. పొద్దున్న దువ్వెన పట్టుకుని అద్దం ముందు ఏడవడానికి సిద్ధంగా నిలబడ్డాను. ఆయన బూట్లు వేసుకుంటున్నాడు. ఒక బూటు కాలికి, రెండోది చేతిలో, అలాగే కాసేపు చూశాడు. తర్వాత చేతిలోది కింద పెట్టి లేచొచ్చాడు. దువ్వెన ఇలా ఇవ్వమన్నాడు.

పెళ్ళయి పధ్నాలుగేళ్ళు. నా జుట్టు మీద ఆయన చెయ్యి పడటం ఎప్పుడు ఆఖరో నాకు గుర్తులేదు.

ఇక ఆ జడ గురించి. ఒక పాయ బొటనవేలంత, ఒకటి మణికట్టంత, మూడోది ఎటు పోయిందో ఆయనకీ తెలీదు. చివర కట్టడానికి ఏమీ దొరక్క పనిముట్ల సంచీలోంచి వైర్లు కట్టే ప్లాస్టిక్ టై తీసి బర్రున లాగి బిగించాడు. సాయంత్రం దాన్ని కత్తెరతో కోయాల్సొచ్చింది. నవ్వితే ఎముక ప్రాణం తీస్తోంది. అయినా నవ్వాను.

ఆగస్టు 13

రబ్బరు బ్యాండ్లు తెచ్చాడు. యాభై. అన్నీ నలుపే.

ఆగస్టు 21

ఎక్కడ నేర్చుకున్నాడో గానీ జడ కుదురుతోంది. ఫోన్లో వీడియోలు చూస్తున్నాడని నా అనుమానం. ముందు చిక్కు తీస్తాడు, కింద నుంచి మొదలుపెట్టి పైకి. పాపిడి స్కేలు పెట్టి గీసినట్టు తీస్తాడు. జడ వేస్తున్నంతసేపూ ఊపిరి బిగబట్టి, అయ్యాక వదులుతాడు. మొత్తం పది నిమిషాలు. ఏడుంపావుకి మొదలు, ఏడూ ఇరవై అయిదుకి పూర్తి.

అసలు వింత అది కాదు. ఆయన మాట్లాడుతున్నాడు.

మా ఇంట్లో మాటలంటే ఏమిటో రాసుకోవాలి, లేకపోతే ఈ వింత నాకే అర్థం కాదు. పాలు వచ్చాయా. తాళం ఎక్కడ. ఫోను మోగుతోంది. నేను వచ్చేసరికి లేటవుతుంది. ఈ నాలుగు మాటల మీదే ఇన్నేళ్ళు సంసారం నడిచింది. పోట్లాటలు కూడా లేవు. పోట్లాడాలన్నా ఇద్దరూ ఒకచోట ఉండాలిగా.

ఇప్పుడు నా వెనక నిలబడి, నా మొహం కనపడదు గనకో ఏమో, చెప్పుకుపోతున్నాడు. ఒక బిల్డింగ్‌లో ఒక పెద్దాయన సాయంత్రం పూట చిన్న స్టూలు తెచ్చుకుని లిఫ్ట్‌లో కూర్చుంటాడట. ఎక్కడికీ వెళ్ళడు. లిఫ్ట్ అయితే ఎవరో ఒకరు ఎక్కుతారు, రెండు మాటలు మాట్లాడతారు, ఇంట్లో ఆ మాత్రం కూడా లేదు అన్నాడట. స్టూలు తీసేయమని సెక్రటరీ ఈయన్ని పురమాయిస్తే, అది లిఫ్ట్ భాగమే, తీస్తే బాలెన్స్ పోతుందని చెప్పి వచ్చాడట. పక్కా అబద్ధం. నా మొగుడికి అబద్ధాలు చెప్పడం వచ్చని నాకు ఇవాళే తెలిసింది.

ఆగస్టు 30

అక్క ఫోన్. వచ్చి నెలరోజులు ఉండి చూసుకుంటానంది. ఇంటికి రంగులు వేయిస్తున్నాం, వాసనకి నీకు పడదు అని చెప్పేశాను. పోనీ జుట్టు భుజాల దాకా కత్తిరించి పారేయి, బాధ వదిలిపోతుంది అంది.

ఆ మాటకి నాకు వచ్చిన కోపం చూసి నేనే ఆశ్చర్యపోయాను.

సెప్టెంబర్ 5

ఇవాళ నాలుగు పాయల జడ వేశాడు. లిఫ్ట్‌ని లాగే స్టీలు రోప్ ఎలా పేనుతారో చెబుతూ వేశాడు.

మొదట్లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, లిఫ్ట్ పెట్టె నెత్తి మీద ఎక్కి పని చేస్తుంటే కరెంటు పోయి రెండు గంటలు ఆ చీకటి గొట్టంలో ఇరుక్కుపోయాడట. భయంతో పాటలు పాడుకున్నాడట, గొంతు పోయేదాకా. ఇప్పటికీ ఆ గొట్టంలోకి దిగే ముందు కాళ్ళు వణుకుతాయట. రోజుకి నాలుగుసార్లు దిగుతాడు. నాకెప్పుడూ ఎందుకు చెప్పలేదు అన్నాను. అడగలేదుగా అన్నాడు. దెప్పుతున్నట్టు కాదు, మామూలుగానే.

అవును. నేను అడగలేదు. నలభై మంది పిల్లల్ని నిలబెట్టి ఎందుకు, ఎలా, ఎక్కడ అని కడిగేస్తాను. స్కూల్లో నా ముద్దుపేరు తూటా. ఇంట్లో మాత్రం ఏదీ అడగడం చేతకాదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి కాసేపు నా దగ్గర కూర్చోండి అందామనుకున్నాను. ఆయన ఫోను మోగింది. ఆ తర్వాత మళ్ళీ ప్రయత్నించలేదు.

సెప్టెంబర్ 13, శనివారం

ఆరు వారాలు. డాక్టరు స్లింగ్ తీసేశాడు. ఎముక అతుక్కుంటోందట. ఇక రోజూ వ్యాయామాలు చేయాలి, ఫిజియో దగ్గరికి వెళ్ళాలి, వెళ్ళే తీరిక లేకపోతే ఇంట్లోనైనా మానకుండా చేయాలి అని అయిదు బొమ్మలున్న కాగితం ఇచ్చాడు. మా ఆయన ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచాడు, పోతుందేమోనన్నట్టు.

ఇంటికి వచ్చి బాత్రూంలో తలుపేసుకుని చెయ్యి లేపి చూశాను. నొప్పి ఉంది. కానీ తల కొంచెం వంచితే వేళ్ళు వెనక పిడికెడు జుట్టుని అందుకున్నాయి. మూడు పాయలు తీశాను. రెండు మలుపులు తిప్పాను.

వెంటనే విప్పేశాను. దొంగతనం చేస్తూ దొరికినదానిలా.

సెప్టెంబర్ 14, ఉదయం 7.30

ఇవాళ నువ్వే వేసుకుంటావా అని అడిగాడు. దువ్వెన నాకు ఇవ్వబోయాడు కూడా.

అబ్బే, ఇంకా లేవట్లేదు అన్నాను.

సెప్టెంబర్ 22

బడికి వెళ్తున్నాను. బోర్డు మీద మధ్యలోంచి రాస్తున్నాను. ఇంట్లో ఆయన ఉన్నంతసేపూ స్లింగ్ వేసుకుంటున్నాను, హాయిగా ఉంటుంది అని చెప్పాను. వ్యాయామాల కాగితం ఆయన దగ్గర తీసుకుని బీరువాలో చీరల కింద పెట్టాను. చేస్తున్నావా అని రోజూ అడుగుతాడు. చేస్తున్నాను అంటాను.

ఇది తప్పని తెలుసు. ఒక్క వారం. ఆయన ఇంకా చెప్పాల్సినవి ఉన్నాయి. చెప్పుల స్టాండు దగ్గర తగాదా పడి ఆరేళ్ళుగా మాట్లాడుకోని ఇద్దరు ఎదురిళ్ళవాళ్ళు లిఫ్ట్‌లో నలభై నిమిషాలు ఇరుక్కుపోయారట. తలుపు తెరిచేసరికి ఇద్దరూ కింద కూర్చుని వేరుశనక్కాయలు పంచుకుని తింటున్నారట. మర్నాడు మళ్ళీ మాటల్లేవట. ఎందుకలాగ అని మేమిద్దరం పది నిమిషాలూ దాని మీదే వాదించుకున్నాం. జడ అయిపోయినా ఆయన వెంటనే కదల్లేదు. నా భుజం మీద చెయ్యి పెట్టి నిలబడి ఇంకా ఏదో చెబుతున్నాడు.

దీన్ని ఎలా వదులుకోను?

సెప్టెంబర్ 29

ఒక్క వారం అన్నాను. ఇంకో వారం.

అక్టోబర్ 10

నా బుర్రలో ఒక పురుగు దూరింది. ఇదంతా ఆయన ఎందుకు చేస్తున్నాడు? లిఫ్ట్ బాగుచేయనందుకు నేను పడ్డానని. అంతేగా. తప్పు చేశాడు, దిద్దుకుంటున్నాడు. చెయ్యి బాగయిన రోజు లెక్క సరి. మళ్ళీ పాలు వచ్చాయా, తాళం ఎక్కడ.

ప్రేమో, పశ్చాత్తాపమో తెలీదు. తెలుసుకోవాలంటే అడగాలి. అడిగితే పశ్చాత్తాపమే అని తేలుతుందేమోనని భయం. అందుకని నోరు మూసుకుని తల వంచుకుని కూర్చుంటున్నాను.

అక్టోబర్ 16

ముందు బెంచీ పిల్ల లేచి, టీచర్, బోర్డు పై సగం తర్వాతి పీరియడ్ వాళ్ళకి వదిలిపెడుతున్నారా అని అడిగింది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వి, పైన రాద్దామని చెయ్యి ఎత్తాను.

ఎత్తలేకపోయాను. భుజం ఎత్తు దాకా వచ్చి ఆగిపోయింది. లోపల ఏదో తట్టుకుంటోంది. టక్కున చప్పుడు. చాక్‌పీసు కింద పడింది.

సాయంత్రం బాత్రూంలో మళ్ళీ చూశాను. నెల కిందట జుట్టు అందుకున్న చెయ్యి ఇప్పుడు చెవి కూడా అందుకోవట్లేదు. చెప్పీ చెప్పీ నా అబద్ధం నిజమైపోయింది.

అక్టోబర్ 25, శనివారం

ఎక్స్‌రే. ఎముక పూర్తిగా అతుక్కుంది. ముక్కలు కొంచెం ఒకదాని మీదకి ఒకటి జరిగి అతుక్కోవడంతో ఒకటిన్నర సెంటీమీటరు పొట్టిదైందట. చాలామందికి ఇలా అవుతుంది, పెద్ద తేడా ఉండదు అని డాక్టరు అంటూనే నన్ను చెయ్యి ఎత్తమన్నాడు. ఎత్తిన తీరు చూసి నుదురు చిట్లించాడు. ఫిజియో దగ్గరికి తప్పకుండా వెళ్ళమన్నాడు.

మా ఆయన దారిలో పొట్టిదైందా అని రెండుసార్లు తనలో తను అనుకున్నాడు. స్కూటర్ వెనక కూర్చున్నాను కాబట్టి మొహం కనపడలేదు.

అక్టోబర్ 27

ఇవాళ జడ మధ్యలో ఆగిపోయాడు. జాకెట్టు వీపు మీద వేలు పెట్టి, ఇదేమిటి అన్నాడు. చెయ్యి ముందుకి చాపమన్నాడు. చాపాను. కుడివైపు రెక్క ఎముక అంచు వీపులోంచి పైకి లేచిందట, సరిగ్గా వేయని తలుపులా. ఎడమవైపుది బుద్ధిగా అతుక్కుని ఉందట. చెయ్యి దించమన్నాడు. దించేటప్పుడు గడగడమని వణికి టక్కుమందట. నాలుగుసార్లు ఎత్తించి దించాడు.

మోటారు బాగానే ఉంది, రోప్ బాగానే ఉంది, పెట్టె గైడ్ రైలు మీద లేదు అన్నాడు. లిఫ్ట్ పైకీ కిందకీ తిన్నగా పోవడానికి రెండు పక్కలా ఇనప పట్టాలు ఉంటాయట. పెట్టె వాటిని వదిలేస్తే ఎంత లాగినా ఇరుక్కుంటుందట.

నన్ను లిఫ్ట్ చేశాడు. అయినా ఇన్నేళ్ళలో నన్ను ఇంత శ్రద్ధగా చూసిన మనిషి ఇంకెవరూ లేరు. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. నొప్పి అనుకుని కంగారు పడ్డాడు.

నవంబర్ 1, శనివారం

ఫిజియో. తలుపు తీసి లోపలికి వెళ్ళగానే టీచర్, మీరా అంది. చూస్తే పన్నెండేళ్ళ కిందటి నా స్టూడెంటు. రోజూ హోంవర్క్ చేశాను టీచర్, పుస్తకం ఇంట్లో మర్చిపోయాను అని కళ్ళార్పకుండా చెప్పిన మహాతల్లి. ఇప్పుడు తెల్లకోటు వేసుకుని నన్ను గోడకి నిలబెట్టింది.

ఆయన సెలవు పెట్టి వచ్చాడు. చిన్న పుస్తకంలో రాసుకుంటూ కూర్చున్నాడు. ఆ పిల్ల చక్కగా చెప్పింది, నా కంటే బాగా చెబుతుంది. కాలర్ బోన్ అంటే భుజాన్ని ఛాతీకి దూరంగా నెట్టి పట్టే కర్ర. కర్ర పొట్టిదైతే భుజం ముందుకి ఒరుగుతుంది, వెనక రెక్క ఎముక కూడా దాంతోపాటే ఒరుగుతుంది. దాన్ని పక్కటెముకలకి అదిమిపట్టే కండరం పని మానేసి నిద్రపోయింది. చెయ్యి పైకి లేవాలంటే రెక్క ఎముక కూడా తిరగాలి. అది తిరగట్లేదు గనక భుజం ఒక్కటే లేవబోయి ఇరుక్కుంటోంది. ఆయన తల ఊపాడు. గైడ్ రైలు అన్నాడు. అదే అంకుల్, సరిగ్గా అదే అంది.

తర్వాత నా వైపు తిరిగి, డాక్టరు గారు ఇచ్చిన వ్యాయామాలు ఆరో వారం నుంచీ చేస్తున్నారా అంది.

చేస్తున్నాను అన్నాను. రోజూ చేస్తుంది, నేను అడుగుతూనే ఉంటాను అని ఆయన సాక్ష్యం చెప్పాడు.

ఆ పిల్ల నన్ను ఒక్క చూపు చూసింది. ఆ అబద్ధంలో అది పీహెచ్‌డీ చేసింది. ఆయన్ని స్కూటర్ తీయమని పంపించి, మెల్లిగా చెప్పింది. ఎముక పొట్టిదైనంత మాత్రాన ఇంత కాదు టీచర్, కదిలించకుండా కట్టేసి ఉంచితేనే ఇలా అవుతుంది. ఇప్పుడైనా హోంవర్క్ చేయండి, అంకుల్‌కి నేనేమీ చెప్పను అంది.

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

నవంబర్ 4

రోజూ సాయంత్రం అరగంట. గోడకి రెండు చేతులూ ఆనించి పైకి జార్చాలి. గోడని నెట్టాలి, ఆఖర్న ఇంకొంచెం నెట్టాలి. ఆయన వెనక నిలబడి రెక్క ఎముక కింది మూల మీద రెండు వేళ్ళు పెడతాడు. నేను చెయ్యి ఎత్తుతుంటే ఆ మూలని పక్కకీ పైకీ నడిపిస్తాడు. ఫిజియో నేర్పింది. ఆ వేళ్ళుంటే చెయ్యి కొంచెం పైకి లేస్తుంది. తీసేస్తే ఆగిపోతుంది.

పొద్దున్న జడ, సాయంత్రం వేళ్ళు. ఇంత అదృష్టం నా జన్మలో లేదు. ఇంత సిగ్గు కూడా.

నవంబర్ 19

ఆయన సరిగ్గా తినట్లేదు. జడ వేస్తూ కూడా మాటలు తగ్గాయి. ఏమిటంటే ఏమీ లేదంటాడు.

నవంబర్ 28

ఆయన జేబులో ఎముకల డాక్టరు దగ్గరి చీటీ దొరికింది. నాకు చెప్పకుండా వెళ్ళాడు. చొక్కా ఉతకడానికి వేస్తూ చూశాను. ఎందుకు వెళ్ళాడో అర్థం కాలేదు. తన ఆరోగ్యమేమోనని రోజంతా నా ప్రాణం నా దగ్గర లేదు.

డిసెంబర్ 6, శనివారం

రాయక తప్పదు.

పొద్దున్న జడ వేస్తున్నాడు. సగం అయింది. ఉన్నట్టుండి, నాదే తప్పు అన్నాడు. ఏది అన్నాను. ఆపరేషన్. వద్దన్నది తనేనట. ప్లేటు వేయిస్తే ఎముక పొట్టి అయ్యేది కాదు, రెక్క ఇలా లేచేది కాదు. నీకు కోత పడుతుందని భయపడి వద్దన్నాను, మనిషిని అవిటిదాన్ని చేశాను, ముందు లిఫ్ట్, తర్వాత ఇది అన్నాడు. డాక్టరు దగ్గరికి వెళ్ళింది కూడా అందుకేనట. ఇప్పుడు విరగ్గొట్టి మళ్ళీ అతికిస్తారా అని అడగడానికి.

ఇక భరించలేకపోయాను. అంతా చెప్పేశాను. తల తిప్పకుండా, అద్దం లేని గోడ వైపు చూస్తూ. ఆరో వారంలోనే చెయ్యి లేచిందని. కాగితం చీరల కింద ఉందని. ఫిజియో ఏమందో. మీ తప్పు కాదు, ఎముకది కాదు, నాది అని. మీరు జడ వేయడం మానేస్తారని చేశాను అని.

తర్వాత అన్నాడు. నన్ను ఒక్క మాట అడగడం కంటే చెయ్యి పాడుచేసుకోవడమే తేలిక అనిపించిందా?

పాయలు వదిలేశాడు. సంచీ తీసుకుని వెళ్ళిపోయాడు. సగం జడతో అలాగే కూర్చున్నాను.

డిసెంబర్ 7

తాళం ఎక్కడ అన్నాడు. అంతే.

డిసెంబర్ 9

పొద్దున్నే వెళ్ళిపోతున్నాడు. కూతురి దగ్గర నుంచి తిరిగొచ్చిన పక్కింటావిడ జడ వేస్తోంది. అయిదు నిమిషాల్లో అవుతుంది, ఎంత గట్టిగా లాగుతుందో. మాట్లాడుతూనే ఉంటుంది, ఏం మాట్లాడుతుందో నాకు ఒక్క ముక్క ఎక్కదు.

వీపు మీద ఆ రెండు వేళ్ళు ఉండే చోటు చల్లగా ఉంటోంది.

డిసెంబర్ 11

అక్కకి చెప్పాను. రంగుల అబద్ధంతో సహా. తిడుతుందనుకుంటే ముందు పగలబడి నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, చిన్నప్పటి నుంచీ నీ నోటికి ఊరంతా హడలు, నీకు కావాల్సింది అడగడానికి మాత్రం ఆ నోరు పెగలదు, ఆకలేస్తే కూడా అన్నం పెట్టమనకుండా గిన్నెలు చప్పుడు చేసేదానివి అంది.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏడ్చాను.

డిసెంబర్ 14, ఆదివారం

ఒంటరిగా గోడ దగ్గర చేస్తున్నాను. కాగితం గోడకి అంటించాను, అందరికీ కనపడేలా. నెమ్మదిగా జార్చి, ఇక పైకి పోలేక చెయ్యి వణుకుతుంటే పక్కన నీడ పడింది. ఆయన. చెవి వెనక నుంచి పెన్సిలు తీసి నా వేళ్ళ కొసల దగ్గర గోడ మీద చిన్న గీత గీశాడు. పక్కన తారీకు వేశాడు. వెళ్ళిపోయాడు.

జనవరి 11, ఆదివారం

గోడ మీద ఇరవై మూడు గీతలు. కొన్ని రోజులు గీత కిందకి దిగింది. అయినా గీశాడు. చెరిపి పైన గీయలేదు. పాలు వచ్చాయా దగ్గర నుంచి ఇవాళ ఎలా ఉంది దాకా వచ్చాం. ఇంకా వేళ్ళు పెట్టట్లేదు. పెట్టమని నేను అడగలేదు.

ఫిజియో సంతోషంగా ఉంది. పొట్టిదైన ఎముక పొట్టిగానే ఉంటుంది టీచర్, దాంతోనే బతకడం కండరాలకి నేర్పుతున్నాం అంది. నా హోంవర్క్‌కి పదికి తొమ్మిది వేసింది. మిగతా ఒకటి ఎందుకు తీశావే అంటే మొదటి రెండు నెలలకి అంది.

జనవరి 30

బోర్డు పైవరసలో రాశాను. రెండు లైన్లు. ముందు బెంచీ పిల్ల చప్పట్లు కొట్టింది. నోరు మూసుకుని లెక్క చేయమన్నాను. చచ్చేంత సంతోషంగా ఉంది.

ఇంటికి వచ్చి ఆయనకి చెప్పాను. మంచిది అన్నాడు. నిజంగానే మొహం విప్పారింది. మరి కోపం పోయిందా అని అడగబోయి, కాఫీ తాగుతారా అన్నాను. ఛీ నా బతుకు.

ఫిబ్రవరి 8

అద్దం ముందు ప్రాక్టీసు చేస్తున్నాను. జుట్టు కాదు, మాట. మొత్తం రెండు మాటలే. నలభై మంది పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు, హెడ్మిస్ట్రెస్, ఎవరి ముందైనా గంటసేపు ఆగకుండా మాట్లాడగలను. ఈ రెండు మాటలకి చెమటలు పడుతున్నాయి.

ఇదివరకు అడగకపోవడానికి సాకు ఉండేది. చెయ్యి లేవదు, ఆయనే వేయాలి. ఇప్పుడు చెయ్యి లేస్తుంది. అవసరం లేదు. అవసరం లేకుండా అడగాలి. కాదంటే దాచుకోవడానికి కట్టు కూడా లేదు.

ఫిబ్రవరి 15

అడగలేదు.

ఫిబ్రవరి 17

ఇవాళా లేదు. నా వెనక నుంచి నడుస్తూ ఒక్క క్షణం ఆగాడు. జుట్టు విరబోసుకుని ఉన్నాను. ఆగాడు, ఖాయంగా ఆగాడు. తర్వాత ఆయన ఫోను మోగింది.

ఫిబ్రవరి 22, ఆదివారం, ఉదయం 7.20

జడ నేనే వేసుకున్నాను. మొదటి నుంచి చివరిదాకా, ఎక్కడా చెయ్యి దించకుండా. బాగా కుదిరింది. అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకున్నాను.

విప్పేశాను.

పేపరు చదువుతున్న ఆయన ముందుకి వెళ్ళి, జడ వేస్తారా అన్నాను. నొప్పి వస్తోందా అన్నాడు. లేదన్నాను. చెయ్యి లేవట్లేదా అన్నాడు. లేస్తోంది, చూడండి అని రెండు చేతులూ ఎత్తి చూపించాను. మరెందుకు అన్నాడు.

నాకు కావాలి అన్నాను.

ఇంకా రాయాలని ఉంది. తల కదపొద్దంటున్నాడు.